ఇటలీ పల్లెలో ఒకేచోట పది రోజులు: కారు లేకుండా అవుతుందా?

సోషల్ టీచర్, అనంతపురం

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో 31 ఏళ్లు సోషల్ చెప్పి రెండేళ్ల కిందట రిటైరయ్యాను. పునరుజ్జీవనం పాఠం వచ్చిన ప్రతిసారీ బోర్డు మీద బూటు ఆకారం గీసి, మధ్యలో ఒక చుక్క పెట్టి, 'ఇదిగో పిల్లలూ, ఫ్లోరెన్స్' అనేదాన్ని. ఆ చుక్క దగ్గరికి ఒక్కసారైనా పోవాలని ఎప్పటినుంచో ఉంది. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి విమానం టికెట్లు తను తీస్తానంది. మిగతాదంతా మేమే చూసుకోవాలి.

పోయిన ఏడాది మా మరిది, తోడికోడలు ఒక గ్రూప్ టూర్లో యూరప్ వెళ్లొచ్చారు. 9 రోజుల్లో 5 దేశాలు. పొద్దున ఐదింటికే లేపి, సూట్‌కేసులు రూము బయట పెట్టమనేవాళ్లట. 'ఏం చూశావే?' అంటే 'బస్సు కిటికీ చూశానక్కా. పీసా టవర్ దగ్గర నలభై నిమిషాలిచ్చారు, అందులో ఇరవై బాత్రూం క్యూలోనే పోయాయి' అంది. ఆ మాట విన్నప్పటినుంచి మా ఇంట్లో ప్యాకేజీ అనే పదం ఎవరూ ఎత్తడం లేదు.

మాకు కావలసింది ఇంతే. ఒక పల్లె, ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒక పొయ్యి. ఒకరోజు దగ్గర్లో ఏదైనా ఊరు చూసొస్తే మరుసటి రోజు ఎక్కడికీ పోకుండా కూర్చోవాలి. పది రాత్రులు, సెప్టెంబరులో అనుకుంటున్నాం. మా ఆయన కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. షుగరుంది, కుడి మోకాలు నొప్పి. నార్పల దగ్గర వాళ్లకు చీనీ తోట ఉంది. ఎక్కడికి తీసుకుపోయినా 'ఇక్కడ బోరు ఎన్నడుగులు?' అని అడిగే మనిషి. గుళ్లకన్నా తోటలే ఎక్కువ చూస్తారు. నేను మాంసం, గుడ్డు ముట్టను. ఆయన తింటారు.

ఆయన ఇక్కడ కారు బాగానే నడుపుతారు. అక్కడ రోడ్డుకు కుడివైపు నడపాలంటే ఆయనకేమీ లేదు గానీ నాకే టెన్షన్. కారు లేకుండా పల్లెలో ఉండటం అవుతుందా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. దయచేసి 'రోమ్ 2 రోజులు, వెనిస్ 1 రోజు' లాంటి పట్టికలు మాత్రం పంపకండి.


కొండారెడ్డి బురుజు, కర్నూలు

మేడమ్, పల్లె చూడ్డానికి అన్ని లక్షలు పోసి ఇటలీ దాకా ఎందుకు? మా మేనమామ ఊరికి రండి. పొద్దున ఒక బస్సు వస్తుంది, అది తప్పితే మళ్లీ రేపే. ఒకేచోట ఉండక ఏం చేస్తారు! సరదాకే అన్నాను, ఏమీ అనుకోకండి. నాకూ తెలుసుకోవాలని ఉంది కాబట్టి ఇక్కడే కూర్చుంటున్నా.


నాపరాయి, ఎర్రగుంట్ల

టీచరమ్మా, మీరు రాసింది చదివితే మా అమ్మ గుర్తొచ్చింది. మాది బండల పాలిష్ ఫ్యాక్టరీ. ఏటా సెప్టెంబరు చివర్లో వెరోనాలో మార్మోమాక్ అని రాళ్ల ఎగ్జిబిషన్ జరుగుతుంది. 2023లో దానికి పోతూ మా ఇంటామెను, అమ్మను కూడా వెంట తీసుకుపోయాను. నా పని అయ్యాక 7 రాత్రులు టస్కనీలో (ఫ్లోరెన్స్ ఉండే ప్రాంతమే) పియెంజా అనే ఊరి బయట ఒక రైతు ఇంట్లో ఉన్నాం. శనివారం దిగి శనివారం ఖాళీ చేయాలి. సీజన్లో చాలాచోట్ల ఇట్లా వారం లెక్కనే ఇస్తారు. మీరు పది రాత్రులు అంటున్నారు కదా, ఆ మూడు రాత్రుల సంగతి బుక్ చేసేముందే తేల్చుకోండి.

ఇట్లాంటి ఇళ్లను అగ్రితూరిస్మో అంటారు. ఆ పేరు ఊరికే తగిలించుకోవడానికి లేదు. 1985లో దీనికొక చట్టం చేశారు, 2006లో దాని స్థానంలో కొత్తది తెచ్చారు. సేద్యమే అసలు పని అయి ఉండాలి, అతిథులు పక్క పని. గొర్రెలో ద్రాక్షో ఆలివో ఏదో ఒకటి పండించకుండా రూములు మాత్రమే అద్దెకిస్తే చట్టం ఒప్పుకోదు. మేమున్న ఇంటి పెద్దావిడకు ఆలివ్ చెట్లున్నాయి, కోళ్లున్నాయి. పొద్దున ట్రాక్టరు చప్పుడుకే లేచేవాళ్లం. మీ సారు అక్కడ బోరు గురించి నిరభ్యంతరంగా అడగొచ్చు. రెండు గదులు, వంటిల్లు కలిపి రోజుకు 110 యూరోలు తీసుకున్నారు. వంటిల్లు ఉండబట్టి ముగ్గురికీ తిండి ఖర్చు బాగా తగ్గింది. గోడ రెండడుగుల మందం, కింద ఎర్రమట్టి పలకలు. మన బండ వేసుంటే ఇంకా చల్లగా ఉండేదనిపించింది, వ్యాపారం అలవాటు.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఆ లోయను వాల్ డోర్చా అంటారు. 2004లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఫోటోల్లో పచ్చటి తివాచీ పరిచినట్టు, మధ్యలో సైప్రస్ చెట్ల వరస కనిపిస్తుంది చూడండి, ఆ పచ్చదనం ఏప్రిల్, మే నెలలది. అదంతా గోధుమ పైరు. సెప్టెంబరుకు కోతలయిపోయి దుక్కి దున్ని ఉంటుంది. మా అమ్మ కారు దిగి చుట్టూ చూసి 'ఇదేంది రా, మన చేన్లే కదా, వానకు ముందు' అనింది. నాకు మాత్రం ఆ బూడిదరంగు నేల మీద సాయంత్రం ఎండ పడితే బాగా నచ్చింది. పచ్చదనమే కావాలంటే మేలో పోండి. ద్రాక్ష కోతలు చూడాలంటే సెప్టెంబరే సరి. జులై, ఆగస్టు వద్దు. ఎండ మన ఎండే, జనం మాత్రం నాలుగింతలు. ఆగస్టు 15 ముందూ వెనకా వాళ్ల పండగ సెలవులు, చిన్న ఊళ్లలో సగం అంగళ్లు మూసేసుంటాయి.

పియెంజా ఊరి కథ మీకు నచ్చుతుంది. అక్కడ పుట్టిన ఒకాయన క్యాథలిక్కుల మతపెద్ద, పోప్ అయ్యాడు, పేరు రెండో పయస్. పుట్టిన పల్లె బాగా లేదని 1459లో మొదలుపెట్టి మూడు నాలుగేళ్లలో నడి ఊరినంతా కొత్తగా కట్టించుకున్నాడు. పదవి వస్తే సొంతూరికి ఏదో ఒకటి చేసుకోవడం మన జిల్లాలో మాత్రమే కాదన్నమాట. ఊరంతా గొర్రెపాల జున్ను వాసన. పెకొరీనో అంటారు. ఇంకో సంగతి, అక్కడి రొట్టెలో ఉప్పు వేయరు. టస్కనీ అంతా అంతే. మొదటి రోజు పెద్దావిడ రొట్టె తెచ్చిస్తే మా అమ్మ ఒక ముక్క తిని, 'పాపం, ఉప్పు వేయడం మరిచిపోయినట్టుంది, అనొద్దులే' అనింది. మరుసటి రోజూ అదే రొట్టె. మూడోరోజుకు అమ్మ ఆ రొట్టెకు శెనక్కాయల పొడి, వాళ్లింటి ఆలివ్ నూనె కలిపి పెద్దావిడకు తినిపించింది. ఆమె పొడి డబ్బా అడిగి తీసుకుంది. భాష రాని ఇద్దరు ముసలోళ్లు గంటసేపు ఏం మాట్లాడుకున్నారో నాకిప్పటికీ తెలీదు.

బాన్యో విన్యోని అని పది నిమిషాల దూరంలో ఇంకో చిన్న పల్లె ఉంది. మామూలుగా వాళ్ల ఊళ్లలో నడిమధ్య చప్టా ఉంటుంది. ఇక్కడ చప్టా ఉండాల్సిన చోట కోనేరుంది. అడుగునుంచి వేడినీళ్లు ఉబికి వస్తుంటాయి, సుమారు 50 డిగ్రీలట. మన తాడిపత్రి బుగ్గ, మహానంది కోనేరు చూసినవాళ్లకు ఒళ్లు పులకరిస్తుంది. అమ్మ చెప్పులు విడిచి మెట్లు ఎక్కడున్నాయని వెతికింది. అందులో దిగకూడదు, బోర్డు పెట్టారు. ఆ నీళ్లే ఊరి కింద పాత పిండిమరల మీదుగా పారుతుంటాయి, అక్కడ గోరువెచ్చగా అయివుంటాయి. కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం. తల మీద మూడు చుక్కలు చల్లుకుని 'స్నానం అయిపోయింది' అనింది. ఆ వారమంతటిలో మేం చేసిన పెద్ద పని అదే.

సియెనా ఒకరోజు పోయాం, గంటపైన ప్రయాణం. కారు కోట బయటే పెట్టేయాలి. అక్కడినుంచి పైకి ఎస్కలేటర్లున్నాయి, మోకాళ్లవాళ్లకు పెద్ద ఉపకారం. కాంపో అనే మైదానం ఇటుకలతో గిన్నెలాగా ఒకవైపు వాలి ఉంటుంది. అందరూ నేలమీదే కూర్చుంటారు, మీరూ కూర్చోవచ్చు. జులై 2న, ఆగస్టు 16న దాని చుట్టూ గుర్రప్పందేలు, జీనులు లేని గుర్రాల మీద. ఇక పెద్ద చర్చి నేల గురించి చెప్పకపోతే నా వృత్తికే అవమానం. రంగురంగుల పాలరాళ్లు కోసి, ఒకదాంట్లో ఒకటి బిగించి బొమ్మలు వేశారు, 56 పలకలు. తొక్కితే అరిగిపోతాయని ఏడాదిలో ఎక్కువ రోజులు చాలావరకు కప్పి ఉంచుతారు. వేసవి చివరినుంచి అక్టోబరు నడిమి దాకా మామూలుగా తెరిచి పెడతారు. మీరు సెప్టెంబరు అంటున్నారు కాబట్టి చూడగలరు. నేను ముప్పావు గంట తల వంచుకునే తిరిగాను. మా ఇంటామె 'పైకప్పు కూడా ఉంది, చూడు' అనింది. పక్కనే సగంలో ఆగిన గోడలుంటాయి. ఆ చర్చినే ఇంకా పెద్దది చేయబోయి 1348లో ప్లేగు రావడంతో వదిలేశారు. మీ పాఠంలో ప్లేగు ఉంటుందనుకుంటా.

కారు సంగతి. ఇంటర్నేషనల్ పర్మిట్ తప్పనిసరి, ఇక్కడ మన ఆర్టీవో దగ్గరే ఇస్తారు. గేర్లు లేని కారు కావాలంటే ముందే గట్టిగా చెప్పి బుక్ చేసుకోవాలి. కుడివైపు నడపడం రెండు రోజుల్లో అలవాటైంది. నన్ను కొట్టింది అది కాదు. పాత ఊళ్ల నడిమధ్యకు బయటి బండ్లు పోకూడదు, జెడ్‌టీఎల్ అని బోర్డుంటుంది, కెమెరా ఉంటుంది, ఆపే మనిషి ఉండడు. ఒక ఊళ్లో ఫోను మ్యాపు చెప్పినట్టు తిరిగి అందులోకి దూరాను, దారి తప్పి రెండోసారి కూడా. ఏమీ కాలేదనుకున్నా. ఎర్రగుంట్లకొచ్చి సంక్రాంతి కూడా అయిపోయాక రెండు జరిమానా కాగితాలు వచ్చాయి. బయటి దేశంవాళ్లకు 360 రోజుల దాకా పంపొచ్చంట. అంతకుముందే, నా అడ్రసు వాళ్లకు ఇచ్చినందుకు కారు అద్దెకిచ్చినవాళ్లు నా కార్డులోనుంచి విడిగా డబ్బు గీకారు. రెండుసార్లకు రెండుసార్లు.

అయినా నేను మళ్లీ పోతే కారే తీసుకుంటా. ఆ లోయలో బస్సులు బడిపిల్లల టైముకు తిరుగుతాయి, ఆదివారం దాదాపు ఉండవు. కారు లేకుండా ఆ ఇంట్లో ఉంటే, బురుజు అన్న చెప్పిన మేనమామ ఊరే.


తుంగభద్ర పిల్ల, పెరుజా (మాది కర్నూలే)

ఆంటీ, నమస్తే. నేను ఇక్కడ పెరుజాలో చదువుకుంటున్నాను. అన్న రాసింది చదువుతుంటే నాకే ఇంకోసారి బాన్యో విన్యోని పోవాలనిపించింది. కానీ అంకుల్ మోకాలు అన్నారు కదా, అక్కడ ఆగిపోయాను. పియెంజా సంగతి ఎలా ఉన్నా మోంటెపుల్చానో, కొర్తోనా, అసిసి, మా పెరుజా, ఇవన్నీ కొండ మీది ఊళ్లు. రాళ్లు పరిచిన వాలు వీధులు. ఎక్కడం కాదు, దిగడమే మోకాలికి కష్టం. మా అమ్మ పోయిన మేలో వచ్చి మూడోరోజుకే 'మీరు పోయి రండి, నేను ఇంట్లో ఉంటా' అంది.

కారు వద్దనుకుంటే, మోకాలు కూడా చూసుకుంటే నేను చెప్పేది లుక్కా. టస్కనీలోనే ఉంది, పైగా చదునుగా ఉంటుంది. ఊరి చుట్టూ పాత కోటగోడ చెక్కుచెదరకుండా ఉంది. ఆ గోడ మీద ఇప్పుడు చెట్లు, బెంచీలు, నడిచే బాట. చుట్టు కొలత 4 కిలోమీటర్ల 200 మీటర్లు. పొద్దున అరగోడ, సాయంత్రం అరగోడ నడిస్తే అంకుల్ షుగరు వాకింగ్ అయిపోయినట్టే. లోపల ఒకచోట ఇళ్లన్నీ గుండ్రంగా వలయంలా ఉంటాయి. రోమన్ల కాలం నాటి ఆటల మైదానం పునాదుల మీద కట్టుకున్నారు. ఆంటీ, మీకు అక్కడ కుర్చీ వేస్తే లేవరు.

స్టేషను గోడకు ఎదురుగానే ఉంటుంది. పీసాకు అరగంటే. ఒక చిట్కా చెప్తాను. పీసా పెద్ద స్టేషను దాకా పోకండి. దానికి ముందు పీసా సాన్ రొస్సోరె అని చిన్న స్టేషనులో దిగితే టవరు నడిచేంత దూరం. మీ తోడికోడలికి ఇచ్చిన నలభై నిమిషాల బదులు పూటంతా గడ్డిలో కూర్చోవచ్చు. పైకి ఎక్కాలంటే టైము రాసిన టికెట్టు ముందే కొనాలి. 1173లో మొదలుపెట్టిన టవరు, కట్టేటప్పుడే ఒరగడం మొదలైంది. 1990లో ప్రమాదమని మూసేసి, ఒరగని వైపు పునాది కిందినుంచి కొంచెం కొంచెంగా మట్టి తీసి, సుమారు 40 సెంటీమీటర్లు వెనక్కి తెచ్చి 2001లో మళ్లీ తెరిచారు. నిటారుగా చేయలేరని కాదు, చేస్తే ఎవరొస్తారు!

ఫ్లోరెన్సుకు గంటా ఇరవై నిమిషాలు. మీ చుక్క దగ్గరికి ఒక్కరోజు సరిపోదు. రెండు వేరువేరు రోజులు పెట్టుకోండి, మధ్యలో ఒకరోజు ఇల్లు. సోమవారం మాత్రం పోకండి. ఉఫిజ్జీ చిత్రాల మ్యూజియం, మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం ఉండే అకాడెమియా మ్యూజియం, రెండూ ఆరోజు మూసేస్తారు. చర్చిలకు భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు కావాలి, చీరకు ఆ బాధ లేదు.

రైళ్లలో జాగ్రత్త ఒకటే. మామూలు ప్యాసింజరుకు కాగితం టికెట్టు తీసుకుంటే, ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీద ఉండే మిషన్లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. టికెట్టుంది కదా అని కూర్చుంటే జరిమానా. సమ్మెలు కూడా తరచూ ఉంటాయి, షోపెరో అంటారు, ముందే ప్రకటిస్తారు. ఎక్కువసార్లు శుక్రవారమే చేస్తారు. ఎందుకో మీరే ఊహించుకోండి. సిటీ బస్సు టికెట్టు బస్సు ఎక్కకముందే, బయట 'టి' అక్షరం బోర్డున్న పొగాకు అంగట్లో కొనుక్కుంటే సులువు.

తిండి. ఆంటీకి లుక్కా, పీసా వైపు ఒక అదృష్టం ఉంది. చెచీనా అని శనగపిండి అట్టు, కట్టెల పొయ్యిలో పెద్ద పళ్లెంలో కాల్చి ముక్కలుగా కోసి ఇస్తారు. పైన మిరియాల పొడి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. నేను మొదటిసారి తిన్నప్పుడు పచ్చిమిరపకాయ ఒక్కటి తక్కువైందని ఏడుపొచ్చింది. టమోటా వెల్లుల్లి పాస్తాలు ఉంటాయి. కారం కావాలంటే 'అరబ్బియాతా' అని అడగండి, గుంటూరు కారం అనుకోకండి. సూపులతో జాగ్రత్త. పప్పు సూపే అయినా అడుగున పందికొవ్వు వేయించి ఉండొచ్చు. 'సెన్సా కార్నె, సెన్సా బ్రోదో ది కార్నె' అని కాగితం మీద రాసుకుని చూపించండి. మాంసం వద్దు, మాంసం ఉడికించిన నీళ్లూ వద్దు అని. పార్మెజాన్, పెకొరీనో జున్నులు దూడల, గొర్రెపిల్లల పొట్టలోని రసంతో తోడుపెట్టేవే, పట్టింపు ఉంటే అవి కూడా ఆపేయాలి. మధ్యాహ్నం రెండున్నర దాటితే హోటల్లో పొయ్యి ఆర్పేస్తారు, మళ్లీ ఏడున్నరకే. బిల్లులో 'కొపెర్తో' అని మనిషికి ఒకటి రెండు యూరోలు ఉంటే మోసం అనుకోకండి, కూర్చున్నందుకు అది. కాఫీ నిలబడి తాగితే తక్కువ, కూర్చుంటే ఎక్కువ.

ఒకవేళ సెప్టెంబరు 13 సాయంత్రానికి లుక్కాలో ఉండేట్టు చూసుకుంటే, వాళ్ల సాంతా క్రోచె పండగ. వీధుల వెంబడి ఇళ్లకు వేల దీపాలు పెట్టి ఊరేగింపు తీస్తారు. కార్తీక పౌర్ణమి తప్ప అలాంటిది నేనెక్కడా చూడలేదు. రూములు మాత్రం చాలా ముందే అయిపోతాయి.


బంగారు అంగడి, ప్రొద్దుటూరు

వీసా గురించి ఎవరూ రాయలేదు కాబట్టి. షెంగెన్ వీసా (ఇటలీతో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చేది) ఫీజు మనిషికి 90 యూరోలు, సర్వీసు చార్జి విడిగా. ప్రయాణానికి 6 నెలల ముందునుంచి పెట్టుకోవచ్చు, 15 రోజులకన్నా ఆలస్యం చేయకూడదు. 30,000 యూరోలకు తక్కువ కాని మెడికల్ ఇన్సూరెన్సు తప్పనిసరి. మీలాగా ఒకేచోట ఉంటే ఒక మేలుంది. అన్ని రాత్రులకూ ఒకే అడ్రసు, ఒకే కాగితం. మేము ఆరు ఊళ్ల హోటళ్లు పెట్టి ఒకదాంట్లో తేదీ తప్పు రాసి, మళ్లీ మొదటినుంచి తిరిగాం. పెన్షన్ పడే బ్యాంకు స్టేట్‌మెంటు మీద ముద్ర వేయించుకోండి. నెయ్యి, పాలకోవా పెట్టుకోకండి. పాలతో, మాంసంతో చేసినవి యూరప్‌లోకి తీసుకుపోకూడదు. పొడులు, ఊరగాయలకు మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు.


సోషల్ టీచర్, అనంతపురం

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. బురుజు గారూ, మీ మేనమామ ఊరి బస్సు టైము కూడా పంపండి, తిరిగొచ్చాక చూస్తాం.

నాపరాయి గారూ, మీ అమ్మగారి శెనక్కాయల పొడి సంగతి మా ఆయనకు చదివి వినిపించాను. 'ఆ ఇంటికే పోదాం, కారు నేను నడుపుతా' అన్నారు. ఎర్రగుంట్లకు వచ్చిన జరిమానా కాగితాల దాకా చదివేసరికి 'లుక్కా ఎంత దూరమంట?' అన్నారు.

రెండు రోజులు ఆలోచించి లుక్కాకే మొగ్గాం. మీరు చెప్పిన దుక్కి నేలలు, ఆ కోనేరు చూడలేకపోతున్నందుకు బాధగా ఉంది. పదింటిలో మూడు రాత్రులు అటు పోదామా అని కూడా అనుకున్నాం గానీ, అప్పుడు అది మళ్లీ టూరే అవుతుంది. అమ్మాయ్, ఒకటి చెప్పు. గోడ లోపల ఫ్లాటు తీసుకుంటే అది పట్నం కాపురం అవుతుంది కదా. తోట ఉన్న ఇల్లు కావాలి, కారు లేదు. దారుందా? నాపరాయి గారూ, డేవిడ్ విగ్రహపు రాయి కరారా పాలరాతి గనిలోదే అని పిల్లలకు చెప్పేదాన్ని. లుక్కానుంచి ఆ గని చూసి రావచ్చా?


తుంగభద్ర పిల్ల, పెరుజా

ఉంది ఆంటీ. గోడ దాటిన పావుగంట నడకలోనే పెరళ్లు, కూరగాయల మళ్లు మొదలవుతాయి. బుక్ చేసేముందు 'స్టేషనుకు నడిచి ఎంతసేపు' అని మ్యాపులో మీరే కొలుచుకోండి, 'సెంటర్‌కు దగ్గర' అని వాళ్లు రాసేది నమ్మకండి, అది కారులో కొలిచింది. రోడ్డుకు పక్కన నడిచే దారి ఉందో లేదో కూడా ఫోటో చూడండి. కొండల వైపు ఆలివ్ తోటల్లో ఇళ్లు ఇంకా బాగుంటాయి. అవి మాత్రం కారు లేకపోతే వద్దు. అంకుల్ కోసం ఒకరోజు డ్రైవరుతో కారు మాట్లాడుకుని ఆ తోటలు చూసి రండి. ఖర్చే, కానీ జరిమానా కాగితం ఆ డ్రైవరుకే వస్తుంది.


నాపరాయి, ఎర్రగుంట్ల

అమ్మాయి చెప్పిందే కరెక్టు, నేను ఓడిపోయాను.

కరారా పోవచ్చు టీచరమ్మా. లుక్కానుంచి వియరెజ్జోలో రైలు మారి కరారా అవెంజా స్టేషనులో దిగాలి. వియరెజ్జో దాటాక కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. కొండల మీద మంచు పడినట్టు తెల్లగా కనిపిస్తుంది. అది మంచు కాదు, గని తవ్విన రాయి, రాతి పొడి. రోమన్ల కాలంనుంచి తవ్వుతున్నారు, ఇంకా అయిపోలేదు. నేను మొదటిసారి చూసినప్పుడు, మా తాత కాలంనుంచి మేము తవ్వుతున్నది గని కాదు, గుంత అనిపించింది. పైకి జీపుల్లో తీసుకుపోయి చూపిస్తారు, ఎక్కి దిగే ఎత్తు ఎక్కువ కాబట్టి సారు ముందు సీటు అడగాలి. డేవిడ్ రాయి సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఇంకెవరో మొదలుపెట్టి వదిలేసిన బండ, ఏళ్ల తరబడి వానకు ఎండకు పడి ఉంది. 1501లో మైకెలాంజెలో చేతికొచ్చింది, 1504కు విగ్రహం. పదిహేడడుగులు. మా ఫ్యాక్టరీలో కూడా ఎవరూ తీసుకోని బండలున్నాయి, చూసేవాడే లేడు.

పైన కొలొన్నాతా అని పల్లెలో ఒక ప్రత్యేక వంటకం పెడతారు. తెల్లగా, పలుచగా, పాలరాయి తొట్టెల్లో నెలల తరబడి నిలవ చేసింది. మీరు ముట్టకండి, పందికొవ్వు. సారుకు షుగరు కాబట్టి ఒక ముక్క చాలు.

మీ పల్లె పని అసలు చూడాలంటే ఆలివ్ గానుగ చూడాలి. కానీ అది అక్టోబరు, నవంబరుల్లోనే ఆడుతుంది. సెప్టెంబరులో కాయ చెట్టుమీదే ఉంటుంది.


సోషల్ టీచర్, అనంతపురం

కాయ చెట్టుమీద ఉంటే చాలండీ, మా ఆయనకు అదే కావాలి. ఎన్ని కాయలున్నాయో లెక్కపెడతారు.

సెప్టెంబరు 8 నుంచి 18 వరకు, గోడకు పద్దెనిమిది నిమిషాల నడకలో ఒక ఇల్లు మాట్లాడాం. అత్తి చెట్టు, నాలుగు వరసల ద్రాక్ష, ఒక బావి ఉన్నాయని ఇంటావిడ రాసింది. పది రాత్రులకు ఒప్పుకుంది. బావి ఎన్నడుగులో అడిగి చెప్పమని ఈయన పక్కనుంచి పోరు పెడుతున్నారు. కడప దోసెల పెనం ఒకటి సూట్‌కేసులో పడుతుందా లేదా అని నేను చూస్తున్నాను, బొరుగులు మాత్రం రెండు కేజీలు ఖాయం.

ఈయన ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు చుట్టూ పొద్దున నడక మొదలుపెట్టారు. 4 కిలోమీటర్ల 200 మీటర్లంటే ఎన్ని రౌండ్లో అడుగులతో కొలిచి చీటీ రాసుకున్నారు. నిన్న సగం దాకా నడిచి, బెంచీ మీద కూర్చుని ఫోను చేశారు, కాఫీ పెట్టమని.